ఎగ్జిమా ఉన్న పాపకు ఉదయం పూట తొలి ఆహారం: గుడ్డు, వేరుశనగ ఆపాలా, పెట్టాలా?

ప్రశ్న: మా పాపకు ఐదున్నర నెలలు. ఇప్పటివరకు తల్లిపాలు తప్ప మరేమీ పట్టలేదు. మూడో నెలలో బుగ్గల మీద మొదలైన ఎర్రదనం తరవాత మోచేతి మడతల్లోకి, మోకాలి మడతల్లోకి వచ్చింది. డాక్టరుగారు ఎగ్జిమా అని చెప్పి, రోజూ రాయడానికి మాయిశ్చరైజరు, ఎర్రబడినప్పుడు రాయడానికి తక్కువ శక్తి గల స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు ఇచ్చారు. వాటితో తగ్గుతోంది కాని నెలకు ఒకటి రెండుసార్లు తిరగబెడుతోంది. నాకు ఉబ్బసం ఉంది. మావారికి చిన్నప్పుడు గుడ్డు పడేది కాదు, రొయ్యలు ఇప్పటికీ పడవు. అందుకని మా అత్తగారు, మా అక్క ఇద్దరూ ఏడాది నిండేదాకా గుడ్డు, వేరుశనగ, పాల పదార్థాలు పాపకు పెట్టవద్దంటున్నారు. పాలిస్తున్నానని నేను కూడా రెండు నెలలుగా అవన్నీ మానేశాను. ఆరు నెలలు నిండగానే ఉదయం పూట ఘనాహారం మొదలుపెడదామనుకుంటున్నాం. ఏది ముందు పెట్టాలి, ఏది ఆపాలి? ముందే రక్తపరీక్ష చేయిస్తే ఏది పడదో తెలిసిపోతుందా?

జవాబు: అమ్మా, మీరు అడిగినవి మూడు ప్రశ్నలైనా వాటి వెనుక ఉన్న భయం ఒక్కటే. నా చేతులతో పెట్టిన ముద్దే నా బిడ్డకు హాని చేస్తుందేమోనన్న భయం అది. ఎగ్జిమా ఉన్న బిడ్డ తల్లికి ఆ భయం కలగడం సహజం, దానికి కొంత ఆధారమూ ఉంది. కాని ఆ భయం వల్ల మీ ఇంట్లో తీసుకోబోతున్న నిర్ణయం, అంటే గుడ్డునూ వేరుశనగనూ ఏడాది దాకా దూరంగా ఉంచడం, మీ పాపను అలెర్జీ నుంచి కాపాడదు. ఇలాంటి పిల్లల్లో ఆ ఆలస్యమే అలెర్జీకి దారి తీసే అవకాశం ఎక్కువని ఇప్పుడు బలమైన ఆధారాలు ఉన్నాయి. కాబట్టి ఏది ఆపాలన్న ఆలోచనను పక్కన పెట్టి, ఏది ఏ రోజు, ఎంత మోతాదులో, ఎలా వండి పెట్టాలన్న దాని మీద దృష్టి పెట్టమని మిమ్మల్ని కోరుతున్నాను.

మీ అత్తగారినీ అక్కయ్యనూ తప్పు పట్టవద్దు. వారు చెబుతున్నది ఒకప్పుడు వైద్యులే చెప్పిన మాట. అలెర్జీ వచ్చే అవకాశం ఉన్న పిల్లలకు పాల పదార్థాలు ఏడాది వరకు, గుడ్డు రెండేళ్ళ వరకు, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, చేపలు మూడేళ్ళ వరకు పెట్టకూడదని 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచించింది. ఆ సూచన ప్రపంచమంతటా వ్యాపించి ఇంటింటి జాగ్రత్తగా స్థిరపడిపోయింది. అలా ఆపినందువల్ల అలెర్జీ తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదని 2008లో అదే సంఘం తన మాటను వెనక్కు తీసుకుంది. వెనక్కు తీసుకున్న మాట ఇళ్ళ దాకా చేరడానికి చాలా కాలం పడుతుంది.

అదే 2008లో వెలువడిన మరొక పరిశీలన ఆలోచనను పూర్తిగా మలుపు తిప్పింది. బ్రిటన్‌లో పెరిగిన యూదుల పిల్లల్లో వేరుశనగ అలెర్జీ, ఇజ్రాయెల్‌లో పెరిగిన యూదుల పిల్లలతో పోలిస్తే సుమారు పది రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇద్దరి వంశమూలాలు ఒకే తరహావి. కొట్టొచ్చినట్టు కనిపించిన తేడా ఏమిటంటే, ఇజ్రాయెల్ పిల్లలు మొదటి ఏడాదిలోనే వేరుశనగ తింటున్నారు, బ్రిటన్ పిల్లలు తినడం లేదు. దీన్ని నేరుగా పరీక్షించడానికి లండన్‌లో పిల్లల అలెర్జీ నిపుణుడు గిడియన్ లాక్ నాయకత్వంలో లీప్ అనే అధ్యయనం జరిగింది. తీవ్రమైన ఎగ్జిమా గాని, గుడ్డు అలెర్జీ గాని ఉన్న 4 నుంచి 11 నెలల వయసు పిల్లలు 640 మందిని తీసుకుని, సగం మందికి వారానికి సుమారు 6 గ్రాముల వేరుశనగ ప్రోటీన్‌ను మూడు పూటలుగానో అంతకంటే ఎక్కువ పూటలుగానో పెట్టించారు, మిగిలిన సగం మందికి ఐదేళ్ళు నిండేదాకా అసలు పెట్టనివ్వలేదు. 2015లో ఫలితాలు వచ్చినప్పుడు, తినకుండా ఉన్నవారిలో 17.2 శాతం మందికి వేరుశనగ అలెర్జీ ఉండగా, తిన్నవారిలో అది 3.2 శాతమే. ఇందులో మీరు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. ఆ పిల్లలందరికీ ముందుగా చర్మపరీక్ష చేశారు, అందులో పెద్ద పొక్కు వచ్చినవారిని, అంటే అప్పటికే అలెర్జీ ఉన్నట్టు అనిపించినవారిని, అధ్యయనంలోకి తీసుకోలేదు. త్వరగా పెట్టడం వల్ల మేలు జరిగేది అలెర్జీ ఇంకా స్థిరపడని పిల్లలకే కాని, స్థిరపడిన వారికి అదే ముద్ద ప్రమాదకరం కాగలదు. జాగ్రత్తలన్నీ అందుకోసమే.

గుడ్డు విషయంలో మీ పాపకు మరింత దగ్గరగా సరిపోయేది జపాన్‌లో జరిగిన అధ్యయనం. ఎగ్జిమా ఉన్న పసిపిల్లలకు ముందు చర్మానికి గట్టిగా చికిత్స చేసి, ఆరో నెల నుంచి బాగా ఉడికిన గుడ్డు పొడిని రోజూ 50 మిల్లీగ్రాములు, తొమ్మిదో నెల నుంచి 250 మిల్లీగ్రాములు పెట్టారు. ఏడాది నిండేసరికి వారిలో 8 శాతం మందికి గుడ్డు అలెర్జీ ఉండగా, గుడ్డు పెట్టని పిల్లల్లో అది 38 శాతం. 50 మిల్లీగ్రాములంటే చిటికెడు కూడా కాదు. అంత తక్కువ మోతాదు, బాగా ఉడికించినది, క్రమం తప్పకుండా, నయమైన చర్మం ఉన్న బిడ్డకు. ఈ నాలుగూ కలిసి పని చేశాయని నేను నమ్ముతాను. అందుకే ఏం తినిపించాలో చెప్పేముందు చర్మం గురించి మాట్లాడతాను.

ఎగ్జిమా ఉన్నచోట చర్మం పైపొర బీటలు వారి ఉంటుంది. ఇంట్లోని దుమ్ములో, పెద్దల చేతుల మీద, పరుపుల మీద మనం తినే పదార్థాల సూక్ష్మమైన కణాలు ఎప్పుడూ ఉంటాయి. నోటి ద్వారా పేగులోకి చేరిన ఆహారాన్ని రోగనిరోధక వ్యవస్థ సాధారణంగా తనదిగా అంగీకరించడం నేర్చుకుంటుంది, అదే ఆహారం బీటలు వారిన చర్మం ద్వారా చేరితే శత్రువుగా గుర్తుపెట్టుకునే అవకాశం ఎక్కువ. అంటే మీరు పాపకు గుడ్డు పెట్టకుండా ఆపినా ఇంట్లో ఎవరు తిన్నా ఆమె చర్మం దాన్ని కలుస్తూనే ఉంటుంది, నోరు మాత్రం కలవదు. అందువల్ల వచ్చే రెండు వారాలూ చర్మం మీద శ్రద్ధ పెట్టండి. డాక్టరుగారు ఇచ్చిన మాయిశ్చరైజరును రోజుకు కనీసం రెండుసార్లు ధారాళంగా రాయండి. ఎర్రబడినప్పుడు స్టెరాయిడ్ ఆయింట్‌మెంటును భయంతో ఒక రోజు రాసి రెండో రోజు ఆపేయకుండా, ఆయన చెప్పినన్ని రోజులూ రాయండి. ఏదైనా తిన్నాక చేతులు కడుక్కున్నాకే పాపను ఎత్తుకోవాలని ఇంట్లో అందరికీ చెప్పండి. వేరుశనగ, బాదం, నువ్వుల వంటి ఆహారపదార్థాల నుంచి తీసిన నూనెలను ఆ చర్మం మీద రాయవద్దు. ఏదైనా పడుతుందో లేదో చూడటానికి ముందు చేతి మీద రుద్ది చూడమని ఎవరైనా సలహా ఇస్తే దాన్నీ వినవద్దు.

ఇక డాక్టరుగారిని ఒకసారి కలవవలసిన అవసరం ఉందా అంటే, ఉంది. మీరు రాసినదాన్ని బట్టి పాపది మధ్యస్థమైన ఎగ్జిమాలా అనిపిస్తోంది. అలాంటి పిల్లలకు ఆరు నెలల ప్రాంతంలో ఇంట్లోనే వేరుశనగ మొదలుపెట్టవచ్చని 2017లో అమెరికాలో నిపుణుల బృందం విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాని చూడకుండా నేను తీర్పు చెప్పలేను. ఒళ్ళంతా వ్యాపించి, ఆయింట్‌మెంటు ఆపిన వెంటనే తిరగబెట్టే తీవ్రమైన ఎగ్జిమా అయితే గుడ్డు, వేరుశనగ పెట్టేముందు అలెర్జీ నిపుణుల పరీక్ష అవసరం. పాపకు ఇదివరకే ఏదైనా నోట్లో పడి ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఉంటే కూడా అంతే. ఆరు నెలలు నిండేలోగా పాప చర్మాన్ని చూపించి, ఇంట్లో మొదలుపెట్టవచ్చా అని సూటిగా అడగండి. ఈ అపాయింట్‌మెంటు కోసం నెలల తరబడి ఎదురుచూడవలసి వస్తే మాత్రం ఆ సంగతీ డాక్టరుగారికి చెప్పి తోవ అడగండి, ఎందుకంటే ఇక్కడ కాలయాపన కూడా నష్టమే.

రక్తపరీక్ష గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఏ ఆహారమూ పెట్టకముందే పది ఇరవై పదార్థాల జాబితాకు ఒకేసారి పరీక్ష చేయించవద్దు. రక్తంలో ఒక ఆహారానికి ఐజీఈ ప్రతిదేహాలు, అంటే అలెర్జీలో పాత్ర ఉండే రక్షణ ప్రోటీన్లు, కనిపించినంత మాత్రాన అది పడదని అర్థం కాదు. శరీరం దాన్ని గుర్తుపట్టిందని మాత్రమే అర్థం. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో ఇలా గుర్తుపట్టినట్టు చూపించే పదార్థాలు చాలా ఉంటాయి, వాటిలో ఎన్నింటినో వారు హాయిగా తినగలరు. ఆ కాగితం చేతికి వచ్చాక మాత్రం ఏ తల్లికీ ఆ పదార్థాన్ని పెట్టే ధైర్యం ఉండదు. ఐజీజీ అనే మరో రకం ప్రతిదేహాల పేరుతో చేసే ఆహార పరీక్షలకైతే అలెర్జీతో సంబంధమే లేదు. ఫలానా పదార్థం తిన్న తరవాత ఫలానా లక్షణం వచ్చిందని అనుమానం ఉన్నప్పుడు, ఆ ఒక్కదానికి నిపుణులు చేయించే పరీక్షకే విలువ ఉంది.

మీ సొంత ఆహారం మాటకు వస్తే, మానేసినవన్నీ మళ్ళీ తినడం మొదలుపెట్టండి. పాలిచ్చే తల్లి గుడ్డు, పాలు, వేరుశనగ మానేస్తే బిడ్డకు అలెర్జీ రాకుండా ఉంటుందని రుజువు కాలేదు. బిడ్డ విరేచనంలో రక్తం వంటి లక్షణాలు ఉండి, తల్లి తిన్నదే కారణమని డాక్టరు నిర్ధారించినప్పుడు మాత్రమే అలాంటి పథ్యం అవసరమవుతుంది. మీరు అలాంటిదేమీ రాయలేదు. రాత్రింబవళ్ళు పాలిస్తూ, కాల్షియం, ప్రోటీన్ ఇచ్చే పదార్థాలన్నీ ఒకేసారి మానేస్తే నష్టపోయేది మీ ఆరోగ్యం. పాపకు తల్లిపాలు మాత్రం ఘనాహారం మొదలైన తరవాత కూడా కొనసాగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వమంటోంది.

ఆరు నెలలు నిండటం ఒక గుర్తు మాత్రమే. పాప మెడ నిలబెట్టి, ఆసరాతో నిటారుగా కూర్చోగలగాలి, చెంచా నోటి దగ్గరికి వస్తే నాలుకతో బయటికి తోసేయకుండా నోరు తెరవాలి. ఆ రెండూ కనిపిస్తే మొదలుపెట్టండి. ఉదయం పూట ఎంచుకోవాలన్న మీ ఆలోచన చాలా మంచిది. వెంటనే వచ్చే అలెర్జీ లక్షణాలు తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు కనిపిస్తాయి. ఉదయం పెడితే పాప మెలకువగా ఉంటుంది, వెలుతురులో ఒళ్ళు చూడగలుగుతారు, డాక్టరుగారు అందుబాటులో ఉంటారు. అదే ముద్ద రాత్రి పెట్టి పడుకోబెడితే చీకట్లో ఏం జరిగిందో తెలియదు. కొత్త పదార్థం పెట్టే రోజున మీరు ఇంట్లోనే ఉండాలి, తిన్నాక కనీసం రెండు గంటలు పాపను మరొకరికి అప్పగించి వెళ్ళకూడదు. జ్వరం, జలుబు, విరేచనాలు ఉన్న రోజున గాని, టీకా వేయించిన రోజున గాని, ఎగ్జిమా బాగా ఎర్రబడి ఉన్న రోజున గాని కొత్తది మొదలుపెట్టవద్దు. అప్పుడు వచ్చిన లక్షణం దేనివల్లో ఎవరూ చెప్పలేరు. మరీ ఆకలిగా ఉన్న బిడ్డ చెంచాను చూసి ఏడుస్తుంది కాబట్టి ముందు కొంచెం పాలిచ్చి, తరవాత కూర్చోబెట్టండి. మూతి చుట్టూ పలుచగా వాజెలిన్ రాస్తే ఆహారం తగిలి చర్మం మండకుండా ఉంటుంది.

మొదటి నాలుగైదు రోజులు ఒకే ధాన్యంతో చేసిన మెత్తని జావ చాలు. బియ్యంతో గాని, ఓట్స్‌తో గాని చేసి, మీ పాలతోనో నీళ్ళతోనో పలుచన చేసి, ఒకటి రెండు చెంచాలు పెట్టండి. ఈ రోజుల్లో ఉద్దేశం కడుపు నింపడం కాదు, చెంచాతో మింగడం నేర్పడమే. మధ్యలో మెత్తగా చిదిమిన అరటిపండు, ఉడికించి మెదిపిన బంగాళదుంప, క్యారెట్ వంటివి చేర్చవచ్చు, వీటికి ఒక్కొక్కదానికీ రోజుల తరబడి ఆగనక్కరలేదు. డబ్బాల్లో దొరికే పసిపిల్లల ఆహారం వాడదలచుకుంటే డబ్బా వెనుక రాసిన పదార్థాల జాబితాను పూర్తిగా చదవండి. బియ్యం పేరు పెద్ద అక్షరాల్లో ఉన్న డబ్బాలో పాలపొడి ఉండవచ్చు. నాలుగైదు ధాన్యాలు, గింజలు కలిపి పొడి చేసినవి తొలి రోజుల్లో అసలు వద్దు. ఇంట్లో మీరే కలిపినా అంతే. వాటితో దద్దుర్లు వస్తే కారణమేదో వెతకడం గడ్డివాములో సూది కోసం వెతకడమే.

జావతోనే నెలలు గడపకూడదని కూడా చెప్పాలి. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వలు ఆరో నెలకు తరిగిపోతాయి, తల్లిపాలలో ఇనుము తక్కువ. వట్టి జావలో అది అంతగా ఉండదు. ఇనుము చేర్చిన పసిపిల్లల ధాన్యాహారం, మెత్తగా ఉడికిన పప్పుధాన్యాలు, మీరు తినేవారైతే మెత్తగా ఉడికించి మెదిపిన మాంసం వంటివి మొదటి నెలలోనే రావాలి. బియ్యంలో ఆర్సెనిక్ అనే విషధాతువు కొంత చేరి ఉంటుంది కాబట్టి రోజూ బియ్యపు జావ ఒక్కటే పెట్టకుండా ధాన్యాలను మారుస్తూ ఉండటం మంచిది.

చెంచా అలవాటయ్యాక, అంటే సుమారు వారం తరవాత, మొదట గుడ్డును తీసుకురండి. ఎగ్జిమా ఉన్న పసిపిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది గుడ్డు అలెర్జీయే, వేరుశనగలాగే దీన్నీ ముందుగా పెట్టడం వల్ల ప్రయోజనం కనబడింది. అందుకే దీన్ని చివరికి నెట్టవద్దంటాను. నీళ్ళు మరిగాక పది నిమిషాలకు తక్కువ కాకుండా గుడ్డును గట్టిపడేదాకా ఉడికించి, తెల్లసొనా పచ్చసొనా కలిపి మెత్తగా మెదిపి, పాపకు అలవాటైన జావలో కలపండి. పచ్చసొన మాత్రమే పెట్టి తెల్లసొన ఆపితే ప్రయోజనం ఉండదు, అలెర్జీ కలిగించే ప్రోటీన్లు ప్రధానంగా తెల్లసొనలోనే ఉంటాయి. సగం ఉడికినది, పచ్చిది వద్దే వద్దు. మొదటి రోజు చెంచా కొసకు అంటినంత మాత్రమే పెట్టి, పది నిమిషాలు ఆగి, ముఖమూ ఒళ్ళూ చూడండి. ఏమీ లేకపోతే పావు టీ చెంచా దాకా నెమ్మదిగా పెట్టి ఆ రోజుకు ఆపండి. మరునాడు మళ్ళీ అంతే, ఆ తరవాత రోజు అర చెంచా. మొదటిసారి పడినంత మాత్రాన రెండోసారి కూడా పడుతుందని హామీ లేదు కాబట్టి ఈ మూడు రోజులూ శ్రద్ధగా చూడాలి.

తరవాత వంతు వేరుశనగది. గింజ గాని, గింజ ముక్క గాని ఐదేళ్ళలోపు పిల్లలకు పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. మెత్తని వేరుశనగ వెన్నను నేరుగా చెంచాతో పెట్టినా అంటుకుపోయి అదే ప్రమాదం. చక్కెర, ఉప్పు కలపని మెత్తని వెన్నను వేడినీళ్ళలో బాగా కలిపి, చల్లార్చి, జావలో పలుచగా కలపండి. లేదా వేయించిన గింజలను పిండిలా మెత్తగా పొడి చేసి కలపండి. గుడ్డుకు చెప్పిన క్రమమే దీనికీ. రెండు టీ చెంచాల వేరుశనగ వెన్నలో సుమారు 2 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. పాప తినగలిగినప్పుడు ఆ మోతాదుకు నెమ్మదిగా చేరి, వారానికి మూడుసార్లు పెడితే లీప్ అధ్యయనంలో పెట్టినంత అవుతుంది. అంత తినకపోయినా బలవంతం చేయవద్దు.

పాల పదార్థాలకు తీపి కలపని పెరుగు మంచి ఆరంభం. ఆవుపాలను తాగే పాలుగా ఏడాది నిండేదాకా ఇవ్వకూడదన్న మాట సరైనదే. అందులో ఇనుము తక్కువ, అవి తల్లిపాల స్థానాన్ని ఆక్రమిస్తాయి. బహుశా మీ ఇంట్లో అనుకుంటున్నదీ ఇదే అయి ఉంటుంది. కాని పెరుగుగానో, వంటలో కలిపిన పాలుగానో ఆరో నెల తరవాత పెట్టవచ్చు. ఆవుపాలు పడకపోతే మేకపాలు పడతాయన్న నమ్మకం మాత్రం ప్రమాదకరం, ఆ రెండింటి ప్రోటీన్లూ చాలా దగ్గరివి కాబట్టి ఒకటి పడని వారిలో ఎక్కువ మందికి రెండోదీ పడదు. ఆ తరవాత గోధుమ, నువ్వులు, సోయా, జీడిపప్పు, బాదం వంటి గింజల మెత్తని పొడులు, చేప, ఇలా ఇంట్లో తినేవన్నీ ఒక్కొక్కటే మూడేసి రోజుల ఎడంతో ఏడాది నిండేలోగా రావాలి. మీవారి రొయ్యల అలెర్జీని చూసి పాపకూ అదే వస్తుందని అనుకోవద్దు. తల్లిదండ్రుల నుంచి వచ్చేది అలెర్జీ స్వభావమే కాని ఫలానా పదార్థం మీద అలెర్జీ కాదు. ఆయన కోసం రొయ్యలు ఇంటికే తేవడం లేదంటే పాప కోసం ఇప్పుడు తెచ్చి ఆయనకు ప్రమాదం కలిగించనక్కరలేదు. తేనె మాత్రం ఏడాది దాకా చుక్క కూడా వద్దు. అది అలెర్జీ కోసం కాదు, తేనెలో ఉండగల, బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బును కలిగించే బ్యాక్టీరియా బీజాల కోసం.

ఒకసారి పడుతుందని తేలిన పదార్థాన్ని మరచిపోవద్దు. దీన్ని నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే తల్లులు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. ఒకటి రెండుసార్లు గుడ్డు పెట్టి, ఏమీ కాలేదని ఊపిరి పీల్చుకుని, నెల రోజుల పాటు దాని మాటే తలవరు. అలా పరిచయం చేసి ఆపేయడం అసలు పెట్టకపోవడం కంటే మేలు కాదు. వారానికి కనీసం రెండుసార్లు గుడ్డు, రెండు మూడుసార్లు వేరుశనగ తప్పకుండా ఉండేలా ఉదయపు జావను అమర్చుకోండి. సోమవారం గుడ్డు, మంగళవారం వేరుశనగ అని రాసి పెట్టుకుంటే సులువు.

ఏం చూడాలో కూడా వివరంగా చెబుతాను. పుల్లని పండ్లు, టమాటా వంటివి తగిలి మూతి చుట్టూ మాత్రమే ఎర్రబడి, తుడిస్తే అరగంటలో పోతే అది సాధారణంగా మంటే గాని అలెర్జీ కాదు. తగలనిచోట, అంటే వీపు మీదా పొట్ట మీదా దద్దుర్లు లేవడం, పెదవులో కనురెప్పలో వాయడం, ఒకటి రెండు వాంతులు, ఇవి అలెర్జీకి సూచనలు. ఆ పదార్థాన్ని వెంటనే ఆపి, ఫోటో తీసుకుని, ఏది ఎంత తిన్నదో, ఎన్ని నిమిషాలకు వచ్చిందో రాసుకుని అదే రోజు డాక్టరుగారితో మాట్లాడండి. వారు చెప్పేదాకా ఇంట్లో మళ్ళీ పెట్టి చూడవద్దు. ఆగకుండా దగ్గు, పిల్లి కూతలు, ఊపిరి కష్టం, నాలుక వాపు, ఏడుపు గొంతు బొంగురుపోవడం, ఒళ్ళు పాలిపోయి తోటకూర కాడలా వాలిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది అనాఫిలాక్సిస్ అనే ప్రాణాపాయ స్థితి. క్షణం ఆలస్యం చేయకుండా అంబులెన్సును పిలవండి. పాపను నిలువుగా భుజాన వేసుకోకుండా వెల్లకిలా పడుకోబెట్టండి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. ఆ స్థితిలో ప్రాణం కాపాడేది అడ్రినలిన్ ఇంజెక్షనే. దద్దుర్లకు ఇచ్చే అలెర్జీ సిరప్పు దాన్ని ఆపలేదు కాబట్టి సిరప్పు వేసి చూద్దామని కాలం గడపవద్దు. ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మీకు నిద్ర పట్టదు. మొదటిసారి కొద్ది మోతాదులో తిన్న పసిపిల్లల్లో ఇంత తీవ్రమైన ప్రతిచర్య అరుదు, వచ్చేవాటిలో ఎక్కువ భాగం దద్దుర్లు, వాంతులే.

ఇంకొక రకం అలెర్జీ వైద్యులను కూడా పొరబడేలా చేస్తుంది. తిన్న వెంటనే ఏమీ ఉండదు. ఒకటి నుంచి నాలుగు గంటల తరవాత బిడ్డ వెంటవెంటనే వాంతులు చేసుకుని, పాలిపోయి, మగతగా పడిపోతుంది. దద్దుర్లు ఉండవు, చర్మపరీక్షలూ రక్తపరీక్షలూ సాధారణంగా ఏమీ చూపవు, అందుకని కడుపులో ఇన్ఫెక్షన్ అనుకుంటారు. దీన్ని ఎఫ్‌పీఐఈఎస్ అంటారు. ఆవుపాలు, సోయాలతోపాటు, అందరూ ఎంతో నిరపాయం అనుకునే బియ్యం, ఓట్స్ వల్ల కూడా ఇది వస్తుంది. జావ తిన్న రెండు గంటలకు ఇలా జరిగితే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళి, ఏం తిన్నదో చెప్పి, ఇది ఆ రకం అలెర్జీ కావచ్చా అని మీరే అడగండి.

ఎగ్జిమా తిరగబెట్టిన ప్రతిసారీ ముందురోజు పెట్టిన ఆహారాన్ని అనుమానించడం కూడా సహజమే, కాని ఎగ్జిమా తనంత తానే పెరిగి తగ్గుతుంది. మీరే రాశారు, ఘనాహారం మొదలుకాకముందే నెలకు ఒకటి రెండుసార్లు తిరగబెడుతోందని. ముందు చర్మానికి వైద్యం చేయండి. ఫలానా పదార్థం పెట్టిన ప్రతిసారీ తిరగబెడుతోందని మీ నోట్‌బుక్ చూపిస్తే దాన్ని డాక్టరుగారి ముందు పెట్టండి. అప్పటిదాకా తింటూ ఉన్న పదార్థాన్ని సొంతంగా నెలల తరబడి మాన్పించవద్దు, అలా ఆపి మళ్ళీ పెట్టినప్పుడు అంతకుముందు లేని తక్షణ ప్రతిచర్యలు వచ్చిన పిల్లలు ఉన్నారు.

ఆ నోట్‌బుక్‌ను ఈ రోజే మొదలుపెట్టండి. ఒక పేజీలో పాప చర్మం ఏ రోజు ఎలా ఉందో, ఏ ఆయింట్‌మెంటు ఎన్ని రోజులు రాశారో ఇప్పటి నుంచే రాయండి, డాక్టరుగారిని కలిసేటప్పుడు అది వెంట తీసుకువెళ్ళండి. ఘనాహారం మొదలైన రోజు నుంచి ఎదురు పేజీలో ఏది, ఎంత, ఎన్ని గంటలకు పెట్టారో చేర్చండి. మీ అత్తగారినీ కూర్చోబెట్టుకుని ఆ పేజీలు చూపించండి. మొదటి రోజు గుడ్డు పెట్టేటప్పుడు గడియారం చూసి పది నిమిషాలు లెక్కపెట్టే పని ఆవిడకే అప్పగించండి.